బెత్తెడు తోక వదలాలి

నేను జాకెట్లు కుడతాను. ఉప్పల్‌లో మా ఇంటి ముందు గదిలో మిషన్ పెట్టుకొని పదమూడేళ్లయింది. ఇప్పుడు సోమవారం నుంచి శుక్రవారం దాకా మిషన్ మీద, శని, ఆదివారాలు పుట్టినరోజు వేడుకల్లో పిల్లల మధ్య గడుస్తున్నాయి. పొడుగు బెలూన్లను మెలిపెట్టి కుక్కలు, ఏనుగులు, చిలుకలు, పూలు, కిరీటాలు చేసి పిల్లలకిస్తాను. జాకెట్లు ఇవ్వడానికి వచ్చే ఆడవాళ్లు గోడకు వేలాడే రంగురంగుల బెలూన్ల సంచిని చూసి ఈ పని ఎలా నేర్చుకున్నారని అడుగుతుంటారు. నిలబెట్టి రెండు ముక్కల్లో చెప్పగలిగేది కాదు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

మా పుట్టిల్లు సూర్యాపేట. రెండేళ్లకోసారి దురాజ్‌పల్లిలో పెద్దగట్టు జాతర జరుగుతుంది. లింగమంతుల స్వామి జాతర అది. 'ఓ లింగా' అంటూ గట్టెక్కే జనం, డప్పులు, దుమ్ము, వెదురు గడకు గుత్తులుగా కట్టిన బుగ్గలు. మా వైపు బెలూన్లను బుగ్గలంటాం, తెనాలి మనుషులైన మా అత్తగారింట్లో బూరలంటారు. నాకు ఆరేడేళ్లప్పుడు ఆ జాతరలో నాన్న భుజం మీద కూర్చుని ఉండగా నా చెవి పక్కనే ఒక బుగ్గ పగిలింది. ఆ తరువాత ఎన్నో ఏళ్లు బెలూన్లు కట్టిన గదిలోకి వెళ్లాలంటే నా భుజాలు వాటంతట అవే చెవుల దాకా లేచేవి. పెళ్లయి ఇద్దరు పిల్లలు పుట్టాక కూడా, వాళ్ల పుట్టినరోజున బెలూన్లు ఊదే పని మావారిదే. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణముంది. ఈ పనిలో నేను నేర్చుకున్నదంతా ఒక రకంగా ఆ శబ్దం చుట్టూనే తిరుగుతుంది.

2022 ఆగస్టులో మా వీధిలోనే ఒక పాప మొదటి పుట్టినరోజు. గౌను నేనే కుట్టాను. వెనక హుక్కు ఒకటి ఊడిందంటే ఫంక్షన్ హాలుకు సూది దారం పట్టుకొని వెళ్లాను. పని అయిపోయినా అక్కడి నుంచి కదలలేకపోయాను. మూలన ఒకాయన నిలబడి పొడుగు బెలూన్లతో బొమ్మలు చేస్తున్నాడు. చుట్టూ నలభై మంది పిల్లలు. నేను చూసింది బొమ్మలను కాదు, ఆయన వేళ్లను. మూడు వేళ్లంత ఒక బుడగ, రెండు వేళ్లంత ఇంకో బుడగ, మళ్లీ రెండు వేళ్లు. టేపు లేదు, గీత లేదు. మా అమ్మమ్మ కాలంలో గుడ్డను మూర వేసి, జాన వేసి కొలిచినట్టు ఆయన గాలిని వేళ్లతో కొలుస్తున్నాడు. నా చేతులకు ఆ పని తెలుసనిపించింది.

భోజనాల దగ్గర వెళ్లి అడిగాను. "అన్నా, ఇది నాకు నేర్పుతారా?" అన్నాను. ఆయన నా చేతులు చూశారు. "కుట్టుపని చేస్తావామ్మా?" అన్నారు. చూపుడు వేలి మీది సూదిపోట్లు చూసి కనిపెట్టారు. "260 సైజు బెలూన్లు తెచ్చుకో. నెల రోజులు కుక్క ఒక్కటే చెయ్యి, ఇంకేదీ ముట్టుకోకు. కళ్లు మూసుకున్నా కుక్క వస్తోందనిపించినప్పుడు ఫోను చెయ్యి" అని నంబరు ఇచ్చారు. అంతకన్నా మంచి సలహా ఆ తరువాత నాకు ఎవరూ ఇవ్వలేదు. ఫోనులో వీడియోలు చూస్తే ఒకే రోజు హంస, నెమలి, మోటారు సైకిల్ అన్నీ చేసేయాలనిపిస్తుంది. చేతికి ఒత్తిడి తెలియకుండా ఏవీ రావు.

260 అంటే అర్థం తరువాత తెలిసింది. నిండా ఊదితే 2 అంగుళాల మందం, 60 అంగుళాల పొడవు వస్తుంది. రెండును, అరవైని పక్కపక్కన పెట్టారు, అంతే. 160 అంటే ఒక అంగుళం మందం, అదే పొడవు. సన్నని పనికి, చేతి కంకణాలకు బాగుంటుంది. 350 అంటే 3 అంగుళాల మందం, 50 అంగుళాల పొడవు. ఏనుగు పొట్టకూ పెద్ద బొమ్మలకూ వాడతాను. నేర్చుకునేవాళ్లు 260 దాటి వెళ్లనక్కరలేదు. నేను ఇప్పటికీ నూటికి తొంభై బొమ్మలు దానితోనే చేస్తాను.

బేగంబజారుకు వెళ్లి అన్నిటికన్నా చౌకవి కొన్నాను. నూరు బెలూన్ల ప్యాకెట్టు 200 రూపాయలలోపే వచ్చింది. చేతి పంపు ఇంకో నూట యాభై. ఇంటికొచ్చి మొదటి పది ఊదితే ఆరు పగిలాయి. పగిలిన ప్రతిసారీ నా గుండె జారిపోయింది, తప్పు నాదే అనుకున్నాను. వారం తరువాత అన్నకు ఫోను చేసి ఏడుపు గొంతుతో చెబితే, ఒక బెలూన్‌ను ఊదకుండా వెలుతురుకు అడ్డంగా పట్టి లాగి చూడమన్నారు. చూస్తే ఒకచోట మందంగా, ఒకచోట పొరలా పలచగా ఉంది. కొన్నిటికి మూతి దగ్గరి అంచు చుట్ట సగమే ఉంది. పాత సరుకు. రబ్బరుకు వయసుంటుంది, ఎండ తగిలినా వేడిలో ఉన్నా మగ్గిపోతుంది. తరువాత మూడు నాలుగు రెట్లు ధర పెట్టి మంచి కంపెనీవి తెప్పించుకున్నాను. పది ఊదితే ఒక్కటీ పగల్లేదు. నేర్చుకునే రోజుల్లో చౌక సరుకు కొనడం పొదుపు కాదు. తప్పు చేతిలో ఉందా సరుకులో ఉందా అన్నది తేలదు, నేర్చుకునే మనిషి తననే తిట్టుకుంటూ కూర్చుంటుంది.

నోటితో ఊదడం గురించి ఒక మాట. పొడుగు బెలూన్‌ను నోటితో ఊదేవాళ్లు ఉన్నారు, అది వేరే విద్య. మొదటి ఉబ్బు రావడమే కష్టం. అక్కడ దవడలు పీకుతాయి, కళ్ల ముందు మెరుపులు వస్తాయి. ఒక్కసారి చిన్న బుడగ లేచిందంటే ఆ తరువాత గాలి సులువుగా దూరిపోతుంది. పంపుతో ఆ మొదటి కష్టం లేదు. తోసినప్పుడూ లాగినప్పుడూ కూడా గాలి కొట్టే పంపు కొనుక్కుంటే పని సగం సమయంలో అయిపోతుంది. పిల్లల నోటి దగ్గరకు, చేతికి వెళ్లే వస్తువు కనుక శుభ్రం కోసమైనా పంపే వాడాలంటాను.

ఇప్పుడు అసలు సంగతి, తోక. బెలూన్‌ను చివరి దాకా ఊదకూడదు. కుక్క చేయడానికైతే చివర బెత్తెడు, అంటే నాలుగు వేళ్ల మేర గాలి నిండకుండా వదిలేయాలి. ఎక్కువ మెలికలున్న బొమ్మకైతే జానెడు. మెలిక వేసినప్పుడల్లా కొంత గాలి ముందుకు జరుగుతుంది. జరగడానికి చోటుండాలి కదా. ముడి వేసిన వైపు నుంచే మెలికలు మొదలుపెట్టేది కూడా అందుకే, గాలి తోక వైపు పారుతుంది. తోక వదలకపోతే గాలి ఎటూ పోలేక అయిదో మెలికకో ఆరో మెలికకో పగులుతుంది. ఊదాక ముడి వేసే ముందు కొంచెం గాలి 'ఫుస్' మని వదలాలి. అప్పుడు మూతి దగ్గర బెలూన్ మెత్తబడుతుంది. జాకెట్టు కుట్టేటప్పుడు చంక దగ్గర కాస్త వదులు పెట్టనిదే చెయ్యి లేవదు. ఇదీ అంతే.

కుక్కకు పది బుడగలు. మూతి ఒకటి, చెవులు రెండు, మెడ ఒకటి, ముందు కాళ్లు రెండు, నడుము ఒకటి, వెనక కాళ్లు రెండు, తోక ఒకటి. మూతికి మూడు వేళ్ల బుడగ తీసి మూడు చుట్లు తిప్పాలి. పక్కనే రెండు వేళ్ల బుడగలు రెండు. ఈ మూడింటినీ ఎడమ చేతి వేళ్ల మధ్య ఇరికించి పట్టుకోవాలి, ఏది వదిలినా అన్నీ విప్పుకుంటాయి. మొదటి దానినీ చివరి దానినీ పట్టుకుంటే మధ్యలోవి కదలవు. తరువాత రెండు చెవులనూ మడిచి పక్కపక్కన చేర్చి, వాటి మొదళ్లు కలిసే చోట ఒక్క మెలిక. ఇక అవి విప్పుకోవు. అన్ని మెలికలూ ఒకే వైపు తిప్పాలి. ఒకటి అటు, ఒకటి ఇటు తిప్పితే రెండోది తిప్పేటప్పటికి మొదటిది ఊడుతుంది. దారం పురి పెట్టడం తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కరలేదు.

వీడియోల్లోని పేర్లు నా నోటికి తిరగక వాటికి నా పేర్లే పెట్టుకున్నాను. రెండు బుడగలను కట్టిపడేసేది తాళం మెలిక. చిన్న బుడగను పైకి లాగి దాని మొదట్లోనే తిప్పితే గుండ్రంగా మొగ్గలా నిలబడుతుంది, అది మొగ్గ మెలిక. ఎలుగుబంటి చెవులు, ఏనుగు మోకాళ్లు, పూల మధ్య బొడిపెలు అన్నీ దానితోనే. ఒక బుడగను మడిచి రెండు కొసలూ కలిపేది కాజా. బొత్తాం కాజా లాగే ఉంటుంది మరి.

నెల రోజుల్లో నాలుగు వందల కుక్కలు చేశాను. రాత్రి పిల్లలు పడుకున్నాక వంటింట్లో తలుపు వేసుకొని చేసేదాన్ని. చేతులు నేర్చుకున్నాయి కానీ మొహం నేర్చుకోలేదు. ప్రతి మెలికకూ కళ్లు మూసుకుపోయేవి, తల పక్కకు తిరిగేది. అన్న దగ్గరకు వెళ్లి చేసి చూపించినప్పుడు ఆయన కుక్కను చూడలేదు, నన్ను చూశారు. "నువ్వు భయపడుతూ చేస్తే ఎదుటి పిల్లవాడు నీ మొహం చూసి భయపడతాడు. బెలూన్‌ను కాదు" అన్నారు. పది బెలూన్లు ఊది నా ముందు పెట్టి, ఒక పిన్నీసు చేతికిచ్చారు. "నీ చేత్తో నువ్వే పగలగొట్టు. ఎప్పుడు పగులుతుందో నీకు తెలుస్తుంది కదా."

మొదటి దానికి అయిదు నిమిషాలు పట్టింది. రెండోదానికి మూడు. ఏడో దాని దగ్గర నాకొక సంగతి అర్థమైంది. శబ్దం కన్నా ముందు, అది ఎప్పుడు వస్తుందో తెలియకపోవడమే నన్ను ఇన్నేళ్లు పట్టుకుని ఉంది. పదోది పగిలినప్పుడు కూడా గుండె కొట్టుకుంది. కానీ కళ్లు తెరిచే ఉన్నాయి. ఆ తరువాత ఆరు ఆదివారాలు ఆయన సంచి మోస్తూ వెంట వెళ్లాను.

చేతుల సంగతి కూడా చెప్పాలి. గోళ్లు కత్తిరించుకుని ఆకురాయితో అంచులు నునుపు చేసుకోవాలి, అది సులువు. గాజులతోనే చిక్కొచ్చింది. గాజు అంచు ఎక్కడో గరుకుగా ఉంటుంది, మెలిక తిప్పేటప్పుడు దానికి రాచుకుని బెలూన్ పగులుతుంది. గాజులు తీసి వెళ్లబోతుంటే మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "శుభకార్యానికి బోసి చేతులతో వెళ్తావా అమ్మాయీ?" అన్నారు. కోపంగా అనలేదు, నిజంగా బాధపడ్డారు. ఆ రోజు ఏమీ అనలేక వేసుకునే వెళ్లాను, నాలుగు బొమ్మలు పాడయ్యాయి. రాత్రి కూర్చుని మెత్తటి కాటన్ గుడ్డతో మణికట్టు దాకా చేతులున్న జాకెట్టు కుట్టుకున్నాను, అంచుకు ఎలాస్టిక్ వేశాను. గాజులు లోపల, గుడ్డ పైన. అత్తమ్మ అంచు లాగి చూసి, లోపల గాజులు కదిలిస్తే వినబడిన చప్పుడుకు తల ఊపారు. నడుముకు కట్టుకునే ఏప్రన్ కూడా నేనే కుట్టాను. పన్నెండు జేబులు, రంగుకొక జేబు, కుడి పక్కన పంపు దూరే గొట్టం, ఎడమ పక్కన మొనలేని చిన్న కత్తెర, వెనక పగిలిన ముక్కలు వేసే సంచి. ఆ వెనక సంచి గురించి తరువాత చెబుతాను.

ఒంటరిగా చేసిన మొదటి వేడుక 2023 మే నెలలో, రామంతాపూర్‌లో ఒక డాబా మీద. వరుస పెరిగిపోతుందని భయపడి, తెల్లవారుజామునే లేచి ఇంట్లో కూలర్ పెట్టుకొని అరవై కుక్కలు ముందే చేసుకున్నాను. పెద్ద ప్లాస్టిక్ సంచుల్లో ఆటోలో తీసుకెళ్లాను. సాయంత్రం అయిదుకు డాబా మీద ఇంకా సెగ పోలేదు. సంచి విప్పగానే మొదటిది పగిలింది. చల్లటి గదిలో నింపిన గాలి ఆ వేడికి ఉబ్బింది, రబ్బరు మెత్తబడింది. నల్లవి, ముదురు నీలం రంగువి ముందు పోయాయి, వేడిని అవే ఎక్కువ లాగుతాయి. ఒకదాని వెనక ఒకటి పేలుతుంటే చిన్నపిల్లలు ఏడవడం మొదలుపెట్టారు. ఇంటావిడ మొహం చూడలేకపోయాను. మిగిలినవన్నీ కత్తెరతో గాలి తీసేసి, నీళ్ల ట్యాంకు నీడలోకి జరిగి, ప్రతి బెలూన్‌కూ జానెడున్నర తోక వదిలి, వదులుగా ఊది, పిల్లల ఎదుటే చేయడం మొదలుపెట్టాను. ముప్పై అయిదు మందికి రెండు గంటలు పట్టింది.

అప్పుడే తెలిసింది, ముందే చేసి పెట్టుకున్న కుక్కను చేతికిస్తే పిల్లలు తీసుకుని పరుగెత్తిపోతారు. ఎదుట చేస్తే కదలరు. పంపు మొదటి తోపుకే బెలూన్ పాములా లేచి నిలబడితే నోరు తెరుస్తారు. మూతి, చెవులు వచ్చేదాకా అది ఏమవుతుందో వాళ్లకు తెలియదు. "కుందేలు!" అంటారు, "కాదు, గుర్రం!" అంటారు. ఆ ఒక్క నిమిషం కోసమే వాళ్లు వరుసలో పావుగంట నిలబడతారు. అప్పటి నుంచి ఒక్క బొమ్మ కూడా ఇంటి నుంచి చేసి తీసుకెళ్లలేదు. చేసేటప్పుడు మోకాళ్ల మీద కూర్చుని పిల్లల కళ్ల ఎత్తులో చేస్తాను. నడుము నొప్పి పుడుతుంది, పుట్టనివ్వండి.

వరుసను నడపడం వేరే విద్య. ఒక బొమ్మకు సగటున రెండు నిమిషాలంటే గంటకు ముప్పై మంది. అంతకు మించి ఒప్పుకోకూడదు. ఏది కావాలని అడిగితే ఒక్కొక్కరు అయిదు నిమిషాలు ఆలోచిస్తారు, అందుకని ఎనిమిది బొమ్మలు అట్ట మీద గీసి వేలాడదీస్తాను. పుట్టినరోజు బిడ్డకు మొదట. చివర నిలబడ్డ పిల్లవాడి చేతికి ఎర్ర రిబ్బను కట్టి, నీ వెనక ఎవరినీ నిలబడనివ్వొద్దని బాధ్యత అప్పగిస్తాను. ఆ పిల్లవాడు దాన్ని పోలీసులా నిర్వహిస్తాడు. కత్తులు అడిగితే చేస్తాను, కానీ వేడుక ముగిసే వేళకే. ఒక కత్తి వరుసలోకి వెళ్లిందంటే ఇక ఎవరికీ కుక్క వద్దు. తుపాకులు మాత్రం చేయను. ఎంతమంది తండ్రులు అడిగినా చేయలేదు, చేయను కూడా.

పంపు కొడుతూ పిల్లలకు ఒక కథ చెబుతుంటాను. రబ్బరు బెలూన్‌ను మొదట చేసినాయన లండన్‌లోని శాస్త్రవేత్త మైకేల్ ఫారడే. 1824లో హైడ్రోజన్ వాయువు మీద ప్రయోగాలు చేస్తూ, దాన్ని నింపడానికి చేసుకున్నాడు. రెండు రబ్బరు పలకలను ఒకదాని మీద ఒకటి వేసి, అంచులు అంటుకునేలా నొక్కాడు. లోపలి వైపులు అంటుకోకుండా మధ్యలో పిండి చల్లాడు. ఇది చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పలేను. రెండు ముక్కలు చేర్చి మూడు వైపులా మూసేస్తే జేబు అవుతుంది. ఆయన చేసింది గాలికి జేబు! ఇప్పటి బెలూన్లను అచ్చులను రబ్బరు పాలలో ముంచి తీసి చేస్తారు, అతుకే ఉండదు. కానీ కొత్త ప్యాకెట్టు విప్పగానే వేళ్లకు అంటే తెల్లటి పొడి ఉంది చూశారా, అది ఆ పిండికి మనవరాలు. ఈ మాట చెబితే పిల్లలందరూ వేళ్లు చాచి పొడి చూపించమంటారు.

ఇప్పుడు వెనక సంచి సంగతి. బెలూన్ ముక్క చాలా ప్రమాదం. ఊదని బెలూన్ గాని పగిలిన ముక్క గాని చిన్నపిల్లలు నోట్లో పెట్టుకుంటే గొంతుకు అడ్డం పడి, సాగే గుణం వల్ల ఊపిరి దారిని అచ్చంగా మూసేస్తుంది. ఎనిమిదేళ్లలోపు పిల్లల విషయంలో జాగ్రత్త అని ప్యాకెట్ల మీదే రాసి ఉంటుంది. మూడేళ్లలోపు పిల్లల చేతికి నేను బొమ్మ ఇవ్వను. మన ఇళ్లలో ఘనంగా చేసేదేమో మొదటి పుట్టినరోజు! ఒకసారి ఒక నాయనమ్మ, "నా మనవడి పుట్టినరోజుకు పిలిచి, వాడికే బూర ఇవ్వనంటావేమిటమ్మా?" అని నిలదీశారు. చేతులు జోడించి, "మీ చేతికి కట్టే కంకణం చేస్తానమ్మా, బాబు మీ ఒళ్లో కూర్చుని చూస్తాడు, నోటి దగ్గరకు వెళ్లకుండా మీరు చూసుకుంటారు" అన్నాను. రెండు 160 బెలూన్లతో పువ్వున్న కంకణం చేసి కట్టాను. పండుగ పూట కొత్త గాజులు తొడుక్కున్నట్టు ఆవిడ చేతిని తిప్పి తిప్పి చూసుకున్నారు. ఏదైనా పగిలితే ఎంతమంది వరుసలో ఉన్నా ఆపి, ముక్కలన్నీ ఏరి వెనక సంచిలో వేశాకే తిరిగి మొదలుపెడతాను. మన వీధుల్లో ఆవులు దేన్నైనా తింటాయి, వాటి కోసం కూడా. పిలిచేవాళ్లను ముందే ఇంకొక ప్రశ్న అడుగుతాను. ఇంట్లో ఎవరికైనా రబ్బరు తగిలితే దద్దుర్లు వస్తాయా, ఆయాసం వస్తుందా అని. ఉందంటే ఆ వేడుక ఒప్పుకోను.

కిరీటాలు ఎందుకు పగులుతున్నాయో కనిపెట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆడపిల్లల తలల మీద పెట్టిన పావుగంటకే టప్పుమనేవి. పూలదండకు గుచ్చిన పిన్నులనుకుని అవి తీయించాను, అయినా అంతే. తీరా చూస్తే కొబ్బరినూనె. నూనె తగిలితే రబ్బరు బలం పోతుంది. పండుగ పూట తలకు నూనె రాసి జడ వేయని తల్లి ఎక్కడుంటుంది? ఇప్పుడు మిగిలిపోయిన లైనింగు గుడ్డలతో పట్టీలు కుట్టి ఉంచుకుంటాను. తలకు ముందు పట్టీ, దాని మీద కిరీటం. ఆ పట్టీలు ఇంటికి తీసుకెళ్లి దాచుకున్న పిల్లలున్నారని తల్లులు చెబుతుంటారు.

నేను చేసిన వాటిలో నాకు ఎంతో ఇష్టమైనది 2024 దసరాకు మా పిల్లల బడిలో చేసిన బతుకమ్మ. ఒక్క బెలూన్‌తో ఒక్క పువ్వు. మూతినీ తోకనీ ముడివేస్తే వలయం అవుతుంది, దాన్ని సగానికి మెలిపెట్టి, మళ్లీ మూడు భాగాలుగా మడిచి తిప్పితే ఆరు రేకులు విచ్చుకుంటాయి. కింది వరుసలో పన్నెండు, దాని పైన తొమ్మిది, ఆరు, మూడు. మొత్తం ముప్పై పూలు. తంగేడుకు పసుపు, గునుగుకు తెలుపు, బంతికి నారింజ రంగు, పైన గౌరమ్మ ఉండేచోట ఒక పసుపు మొగ్గ మెలిక. పిల్లలు దాని చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, బడివాళ్లు దాన్ని కూడా చెరువుకు తీసుకెళ్దామన్నారు. వద్దని గట్టిగా చెప్పాను. రబ్బరు చెట్టు పాల నుంచే వచ్చినా నీళ్లలో కరిగేటప్పటికి చాలా కాలం పడుతుంది, ఈలోగా చేపలో పక్షులో మింగుతాయి. తంగేడు పూలు నీళ్లలో కలిసినట్టు ఇది కలవదు. నిజమైన పూల బతుకమ్మనే నీళ్లలో వదిలాం. నాదాన్ని సాయంత్రం పువ్వు పువ్వుగా విప్పి, గాలి తీసి, సంచిలో వేసుకుని వచ్చాను.

డబ్బు సంగతి క్లుప్తంగా చెబుతాను. మొదట రెండు గంటలకు 1,500 తీసుకున్నాను, ఇప్పుడు 3,500. అయిదు నిమిషాల పనికి అంతా అనేవాళ్లుంటారు. జాకెట్టు దగ్గర కూడా అదే మాట విన్నాను కాబట్టి ఓర్పుగా సమాధానం చెబుతాను. మే నెలలో పిలుపులు ఎక్కువ, కష్టం కూడా ఎక్కువ. ఆషాఢంలో పెళ్లిళ్లుండవు గానీ పుట్టినరోజులు ఆగవు కదా.

మొన్న డిసెంబరులో నాగోలు వైపు ఒక అపార్టుమెంటులో వేడుక. హాలు చివర, బల్ల కింద ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తొమ్మిదేళ్లుంటాయి. రెండు చేతులతో చెవులు మూసుకుంది. వేడుక సాగినంతసేపూ అలాగే ఉంది. నేను బొమ్మలు చేస్తున్నా నా కళ్లు అటే పోతున్నాయి. ఆ భుజాలు నాకు తెలుసు. వాళ్లమ్మను అడిగితే, "దానికి శబ్దాలంటే పడదండీ. ఇంటికి పోదామంటే రాదు, చూడాలంటుంది" అన్నారు.

అందరూ భోజనాలకు వెళ్లాక ఆమెకు బాగా దూరంలో, అటూ ఇటూ ఎవరూ లేకుండా నేల మీద కూర్చున్నాను. నేనేమీ మాట్లాడలేదు. నీలం బెలూన్ ఒకటి తీసి సగం దాకా మాత్రమే ఊదాను. కుక్క చేశాను. ఆమె చూస్తోంది గానీ చేతులు తీయలేదు. తరువాత వెనక కాళ్ల దగ్గరి మెలిక విప్పాను, ముందు కాళ్లు విప్పాను, చెవులు విప్పాను. మళ్లీ ఒట్టి పొడుగు బెలూన్. కత్తెర తీయగానే ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ముడి కింద రెండు వేళ్లతో నొక్కి పట్టి, ముడిని కత్తిరించి, వేళ్లు కొద్దికొద్దిగా సడలించాను. సన్నగా 'స్‌స్‌స్' మంటూ గాలి పోయింది, బెలూన్ నా ఒళ్లో చప్పుడు లేకుండా వాలిపోయింది.

ఆమె కళ్లు తెరిచింది. "పగలలేదా ఆంటీ?" అంది.

"లేదమ్మా. ఇలా కూడా పోతుంది."

"మళ్లీ చెయ్యండి."

కుక్క చేయబోతే, అది వద్దంది. గాలి పోవడం చూడాలంది. ఆరు బెలూన్లకు అలా గాలి తీశాను. నాలుగో దానికి బల్ల కింది నుంచి బయటికి వచ్చింది. ఏడో దానికి నా వేళ్ల పక్కన తన వేళ్లు పెట్టి, నేను వదిలేశాక తనే పట్టుకుంది. సడలించడం మొదలుపెట్టాక దాన్ని చెవి దగ్గరకు తెచ్చుకుని తల వంచి వింది. "నాన్న సైకిల్‌కు గాలి కొట్టి పంపు తీసేటప్పుడు ఇలాగే వస్తుంది" అంది. బొమ్మ ఏదైనా కావాలా అంటే వద్దంది. ఏడు బెలూన్ల తొక్కలనూ లెక్కపెట్టి తనే నా వెనక సంచిలో వేసింది.

ఆ రోజు నుంచి ప్రతి వేడుకలోనూ నా మొదటి పని అదే. అట్ట వేలాడదీశాక, వరుస కట్టించక ముందు, ఒక బెలూన్ ఊది అందరికీ చూపించి, ముడి కోసి, గాలి మెల్లగా వదులుతాను. అరిచే పిల్లలు కూడా ఆ అరనిమిషం అరవరు. నేను బెలూన్ వైపు చూడను. చెవుల మీద చేతులున్నవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో చూసుకుంటాను. వాళ్లకు వదులుగా ఊది, తోక జానెడు వదిలి చేస్తాను.